కిర్కే కొండ: చెవితో చూడవలసిన తీరం

రోము నగరం నుండి ఫోర్మియా మీదుగా నేపుల్సుకు పోయే రైలు కొంతసేపటికి కొండలను వదలి విశాలమైన మైదానంలో ప్రవేశిస్తుంది. చాప పరచినట్లున్న ఆ పొలాల మధ్య తీగ లాగినట్లు తిన్నని కాలువలు, గాలిని అడ్డుకోవడానికి నాటిన యూకలిప్టస్ చెట్ల బారులు కనిపిస్తాయి. ఎడమవైపు లెపీనీ పర్వతశ్రేణి చాలాదూరం తోడు వస్తుంది. కుడివైపున మాత్రం అంతా చదునే. ఆ చదును చివర, సముద్రపుటంచున, దేనితోనూ సంబంధం లేనట్లు ఒక కొండ ఒంటరిగా నిలబడి ఉంటుంది.

దాని పేరు మోంటె చిర్చేయో. రోముకు ఆగ్నేయంగా సుమారు వంద కిలోమీటర్ల దూరం. ఎత్తు 541 మీటర్లే. కాని చుట్టుపక్కల మరో గుట్టయినా లేకపోవడం వల్ల ఉన్నదానికంటె ఎంతో ఎత్తుగా తోస్తుంది. మైదానం మంచులో మునిగిన వేళ కొండ ఒక్కటే పైకి తేలి, నడిసముద్రంలోని ద్వీపాన్ని తలపిస్తుంది. ఉత్తరాన సబౌదియా ఇసుకతిన్నెల మీద నిలిచి చూస్తే దాని శిఖరరేఖ వెల్లకిల పడుకొన్న స్త్రీ ముఖంలా ఉంటుందని స్థానికులు చెబుతారు. ఆ స్త్రీ ఎవరని అడగనక్కరలేదు. కొండ పేరులోనే ఆమె ఉన్నది. గ్రీకు పురాణాలలోని మంత్రగత్తె కిర్కే ఆమె. ఇటాలియన్ల నోట చిర్చే, ఇంగ్లీషువారి నోట సర్సీ.

కొండలను చూడడానికి వెళ్లడం లోకరీతి. ఈ కొండ విషయంలో ఒక విశేషమున్నది. ప్రాచీన కావ్యాలలో కిర్కే వాకిటికి వచ్చినవారు ఆమెను మొదట చూడలేదు, మొదట విన్నారు.

పాట వినిపించిన ఇల్లు

హోమరు మహాకవి ఒడిస్సీ కావ్యం పదవ సర్గలో ఆ ఘట్టం ఉన్నది. ట్రాయ్ యుద్ధం ముగించుకొని స్వదేశానికి మరలిన ఒడీసియస్, తక్కిన ఓడలన్నీ పోగొట్టుకొని, ఒక్క ఓడతో ఏయాయా అనే ద్వీపాన్ని చేరుకుంటాడు. ఎత్తయిన చోటెక్కి చూస్తే అడవి నడుమ పొగ లేస్తున్నది. తన వారిని రెండు జట్లుగా చేసి చీట్లు వేయగా, యూరిలోకస్ నాయకత్వంలో ఇరవై ఇద్దరు ఆ పొగ జాడ పట్టి వెళతారు. నునుపు రాళ్లతో కట్టిన ఇల్లు. వాకిట తోక లాడించే సింహాలు, తోడేళ్లు. లోపల ఎవరో మగ్గం ముందు కూర్చుండి మధురంగా పాడుతున్నారు. ఆ పాట విని వారు పిలుస్తారు. తలుపు తెరుచుకుంటుంది.

జున్ను, బార్లీ పిండి, తేనె, ద్రాక్షమద్యం కలిపిన పానీయంలో ఆమె మూలికలు కలుపుతుంది. త్రాగిన వారిని మంత్రదండంతో తాకగానే వారు పందులవుతారు. ఇక్కడ హోమరు ఒక మాట స్పష్టంగా చెబుతాడు: తల, గొంతు, వెండ్రుకలు, ఆకారం పందివి, బుద్ధి మాత్రం మునుపటి మనిషిదే. అనగా వారు పోగొట్టుకొన్నది తెలివి కాదు. ఆ తెలివిని పైకి చెప్పుకోగల మాట. అనుమానంతో బయటనే ఆగిపోయిన యూరిలోకస్ ఓడ దగ్గరకు పరుగెత్తి వస్తాడు. చెప్పవలసినది కొండంత ఉన్నా, దుఃఖంతో అతనికి చాలాసేపు నోట మాట పెగలదు.

హెర్మీస్ దేవత ఇచ్చిన, నల్లని వేరు తెల్లని పువ్వు గల మోలీ అనే మూలిక బలంతో ఒడీసియస్ కిర్కేను లొంగదీస్తాడు. సహచరులు తిరిగి మనుషులవుతారు. పిమ్మట ఒక సంవత్సరం అందరూ ఆమె ఇంట విందులు చేస్తూ గడుపుతారు. వెళ్లే ముందు ఆమెయే దారి చెబుతుంది. రాబోయే ప్రమాదాలను ఒక్కొక్కటిగా హెచ్చరిస్తుంది. కథ విన్నవారికి పందులు గుర్తుంటాయి గాని, ఈ ఉపకారం అంతగా గుర్తుండదు.

ఇందుకు కారణం లేకపోలేదు. ఈ వృత్తాంతం కవి నేరుగా చెప్పినది కాదు. ఫీయేషియన్ల రాజసభలో అతిథిగా కూర్చుండి ఒడీసియస్ స్వయంగా చెప్పుకొన్నది. కిర్కే ఏమన్నదో, ఎలా భయపడినదో, ఎలా లొంగినదో మనకు తెలిసేది అతని నోటనే. మాటకారితనంలోనూ, అవసరమైతే కట్టుకథ అల్లడంలోనూ గ్రీకు వీరులలో అతనికి సాటి లేదు. ఆ సభలో కిర్కే లేదు. ఆమె వైపు నుండి మాట్లాడిన వారూ లేరు.

ఆమె గొంతులో ఆమె కథ

ఆ లోటును పూరించే ప్రయత్నమే అమెరికన్ రచయిత్రి మేడ్‌లిన్ మిల్లర్ వ్రాసి, 2018లో ప్రకటించిన ఇంగ్లీషు నవల ‘సర్సీ’. ఆమె పాఠశాల విద్యార్థులకు లాటిను, గ్రీకు భాషలు బోధించిన ఉపాధ్యాయిని. ట్రాయ్ యుద్ధకథ ఆధారంగా అంతకుముందు ఆమె వ్రాసిన ‘ది సాంగ్ ఆఫ్ అకిలీజ్’ నవలకు 2012లో ఆరెంజ్ బహుమతి లభించింది. ‘సర్సీ’లో కథ యావత్తూ కిర్కే తానే చెబుతుంది. సూర్యదేవుడైన హీలియస్ కుమార్తెగా పుట్టి, బంధువులచేత చులకన చేయబడి, మూలికల శక్తిని తనంతట తాను కనుగొని, ఆ నేరానికి నిర్జనద్వీపానికి వెళ్లగొట్టబడిన స్త్రీ ఆమె. అక్కడ అడవిని, మృగాలను, చివరకు తన్ను తాను తెలుసుకొంటుంది. ఆదరించి అన్నం పెట్టిన నావికులలో ఒకడు ఆమెపై అత్యాచారం చేసిన తరువాతనే పందుల మంత్రం పుడుతుంది. హోమరు కావ్యంలో కొన్ని పంక్తుల వింతగా ఉన్నది ఇక్కడ గాయపడిన మనిషి ఆత్మరక్షణగా మారింది.

ఈ నవలను అచ్చులో చదవవచ్చు. అయితే దీని శ్రవ్యరూపం, అనగా ఆడియో బుక్, మరొక విధమైన అనుభవం. బ్రిటిష్ నటి పెర్డిటా వీక్స్ దానిని చదివింది. మొత్తం సుమారు పన్నెండు గంటల నిడివి. సబౌదియా నుండి ఇసుకతిన్నెల వెంట కొండవైపు నడిచే యాత్రికుడు చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకొని దీనిని వింటే, ఒకవైపు సముద్రం, మరొకవైపు ఉప్పుసరస్సులు, ఎదుట రానురాను పెద్దదయ్యే కొండ, చెవిలో ఆ కొండకు పేరిచ్చిన స్త్రీ కంఠం. పన్నెండు గంటలంటే ఒక పూటలో ముగిసే పని కాదు. రెండు మూడు రోజుల యాత్రకు సరిపడే తోడు అది.

వినడంలో ఒక కట్టుబాటున్నది. చదువరి విసుగు పుట్టిన చోట పేజీ తిప్పేయగలడు. ముగింపు తెలియకపోతే నిద్ర పట్టని వాడు చివరి పుట ముందే చూసుకోగలడు. శ్రోత సాధారణంగా చెప్పేవారి వెంటనే నడవాలి. ఆమె ఆగితే ఆగాలి, నెమ్మదిస్తే నెమ్మదించాలి. హోమరు తన కావ్యంలో కిర్కేను మనుషుల వలె మాట్లాడే దేవతగా వర్ణించాడు. మిల్లర్ ఆ ఒక్క విశేషణాన్ని పట్టుకొని, కిర్కే గొంతు దేవతల గొంతు వలె గంభీరంగా మ్రోగేది కాదనీ, మర్త్యుల గొంతు వలె సన్ననిదనీ, దానిని దేవతలు ఏవగించుకొనేవారనీ కల్పన చేసింది. అచ్చులో ఇది ఒక వాక్యం. శ్రవ్యగ్రంథంలో ఇది గంటల తరబడి చెవిలో పడే ప్రత్యక్ష విషయం. ఎందుకంటే చదివేది మనిషి గొంతే.

అంతకంటె ముఖ్యమైన మార్పు మరొకటి ఉన్నది. ఒడిస్సీలో కిర్కే ఏమి పలికినా ఒడీసియస్ నోట పలకవలసిందే. ఈ నవలలో ఒడీసియస్ ఏమి పలికినా కిర్కే నోట పలకవలసిందే. దానిని ఒక స్త్రీ చదువుతుంటే, వీరుని గొప్పలు, దేవతల ఆజ్ఞలు, నావికుల ఇచ్చకాలు అన్నీ ఆమె గొంతులో నుండే వస్తాయి. పూర్వపు కథకుడు ఇప్పుడు పాత్ర అయినాడు. పూర్వపు పాత్ర ఇప్పుడు కథకురాలైనది. కథలో సంఘటనలు చాలావరకు పాతవే. చెప్పేవారు మారడంతో బరువు మారింది.

తెలుగువారికి ఈ మార్పు కొత్త కాదు. రామాయణాన్ని మన స్త్రీలు తమ పాటలలో తమ వైపు నుండి చెప్పుకొన్నారు. కావ్యాలలో పక్కకు పోయిన ఊర్మిళకు ‘ఊర్మిళాదేవి నిద్ర’ పాటలో పెద్దపీట వేశారు. ఆధునిక కాలంలో ఓల్గా ‘విముక్త’ కథలలో శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళ సీతతో మనసు విప్పి మాట్లాడుతారు. ఆ సంపుటికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఎక్కడి సముద్రం, ఎక్కడి మగ్గం. కాని ఆ ఇంటి తలుపు తెలుగు పాఠకునికి పరిచయమైన తలుపే.

చెవి కోసం పుట్టిన కావ్యం

పురాణకథను యంత్రంలో వినడం ఈ కాలపు వింత అనిపించవచ్చు. నిజానికి ఆ కథ తన పుట్టింటికి తిరిగి రావడమే అది. పన్నెండు వేల పైచిలుకు పంక్తుల ఒడిస్సీ సభలో గానం చేయడానికి ఏర్పడిన సంప్రదాయం నుండి వచ్చినది. అమెరికన్ పండితుడు మిల్‌మన్ ప్యారీ 1933-35 మధ్య నాటి యుగోస్లావియా గ్రామాలలో తిరిగి, చదువు రాని గాయకులు వేల పంక్తుల వీరగాథలను అప్పటికప్పుడు అల్లి పాడడం స్వయంగా విని, అల్యూమినియం రికార్డుల మీద భద్రపరచాడు. హోమరు కావ్యాలలో పదేపదే వచ్చే విశేషణాలు, పాదాలు గాయకునికి ఊతకర్రల వంటివని ఆ పరిశోధన నిరూపించింది. హరికథలో, బుర్రకథలో కథకుడు ఊపిరి తీసుకొనే చోట వంత అందుకోవడం ఎరిగినవారికి ఇది సులభంగా బోధపడుతుంది.

ఇంకొక ఆశ్చర్యం: సరిగ్గా ఆ సంవత్సరాలలోనే నేటి శ్రవ్యగ్రంథాలకు మూలమైన ‘మాట్లాడే పుస్తకాలు’ పుట్టాయి. 1934లో అమెరికాలోనూ, 1935లో బ్రిటన్‌లోనూ అంధుల కోసం గ్రామఫోను రికార్డుల మీద పుస్తకాలు చదివించి పంపిణీ చేయడం మొదలైంది. హోమరు అంధుడని గ్రీకుల పరంపరాగత విశ్వాసం. చూపు లేని వాడు పాడినదని లోకం నమ్మిన కథ, చూపు లేని వారి కోసం కనిపెట్టిన మార్గాన నేడు అందరి చెవులకూ చేరుతున్నది.

తూర్పా, పడమరా?

మరి ఈ కొండ నిజంగా కిర్కే ద్వీపమేనా? హోమరు మాట ప్రకారం ఏయాయా ఉషాదేవి ఇల్లు, సూర్యుడు ఉదయించే చోటు, అంటే తూర్పు. చిర్చేయో ఉన్నది గ్రీసుకు పడమర. మిల్లర్ నవల కూడా తన ద్వీపం ఇటలీలో ఉన్నదని చెప్పదు. ఈ కొండకు ఎదుట సముద్రంలో ఉన్న పోంజా ద్వీపంవారు కిర్కే గుహ తమదేనంటారు.

ప్రాచీనులకు ఈ చిక్కు తెలియకపోలేదు. హేసియడ్ పేరున ఉన్న దేవవంశావళి చివర, కిర్కే కుమారులు ఇటలీ తీరపు తిర్రేనియన్లను ఏలినట్లు ఉన్నది. క్రీస్తుపూర్వం మూడవ శతాబ్దపు కవి అపోలోనియస్ చక్కని సర్దుబాటు చేశాడు: హీలియస్ తన కుమార్తెను రథం మీద ఎక్కించుకొని తూర్పు నుండి పడమటి తీరానికి తెచ్చి దింపాడట. సూర్యుని రథానికి అది ఒక్క పగటి ప్రయాణమే గదా!

స్థానికులు సాక్ష్యాలు కూడా చూపేవారు. వృక్షశాస్త్ర పితామహుడైన థియోఫ్రాస్టస్ క్రీస్తుపూర్వం నాల్గవ శతాబ్దం చివర ఈ కొండను వర్ణిస్తూ, దట్టంగా ఓక్, లారెల్, మర్టిల్ చెట్లున్నాయనీ, ఇంటి కప్పు మీద నుండి పడి మరణించిన నావికుడు ఎల్పెనార్ సమాధిని ప్రజలు చూపుతారనీ వ్రాశాడు. ఒకప్పుడు ఇది ద్వీపమనీ, నదులు తెచ్చిన ఒండ్రుతో భూభాగానికి అతుక్కున్నదనీ చెప్పుకొనేవారని కూడా అతడే తెలిపాడు. భూగోళ రచయిత స్ట్రాబో కాలానికి ఇక్కడ కిర్కే గుడి, ఒడీసియస్‌దని చెప్పే ఒక పాత్ర కూడా ఉండేవి. కొండ మీద మూలికలు విస్తారమని ప్రజలు చెప్పుకోవడానికి కిర్కే కథయే కారణమై ఉంటుందని ఆయన అనుమానించాడు. గుడి, పాత్ర కాలగర్భంలో కలిసిపోయాయి. థియోఫ్రాస్టస్ చెప్పిన చెట్లు మాత్రం నేటికీ ఉన్నాయి.

వర్జిల్ మహాకవి తన ఈనియడ్ ఏడవ సర్గలో వీరుడు ఈనియస్‌ను రాత్రివేళ ఈ తీరం పక్కనుండి నడిపిస్తాడు. ఓడలోని వారికి కిర్కే పాట, మగ్గపు దువ్వెన చప్పుడు, గొలుసులు తెంచుకోజూసే సింహాల గర్జన, పందుల ఎలుగుబంట్ల ఆక్రోశం, తోడేళ్ల ఊళ వినవస్తాయి. సముద్రదేవత గాలి నింపి తెరచాపలను ముందుకు త్రోస్తాడు. వారు దిగరు, ఆమెను చూడరు. వినడంతోనే ఆ ఘట్టం ముగుస్తుంది.

రోమను చరిత్రలోనూ ఈ కొండ ప్రవాసస్థానమే. ఆగస్టస్‌తోనూ, ఆంటోనీతోనూ కలిసి ఒకప్పుడు సామ్రాజ్యాన్ని పంచుకొన్న లెపిడస్, క్రీస్తుపూర్వం 36లో అధికారం కోల్పోయి ఇక్కడికే పంపబడి, మిగిలిన జీవితం గడిపాడు. నవలలో కిర్కేకు విధించిన శిక్షను ఈ తీరాన వింటున్న వారికి ఆ వృద్ధ రాజకీయవేత్త గుర్తుకు రావడం సహజం.

దోమలు, కాలువలు, పంపులు

కొండ నుండి దృష్టి మైదానం వైపు మళ్లిస్తే మరొక రూపాంతరకథ కనిపిస్తుంది. నేటి పచ్చని పొలాలు రెండువేల సంవత్సరాలకు పైగా పోంటీన్ చిత్తడినేలలుగా పేరుమోసినవి. రోమను కవి హోరేసు ఇక్కడ రాత్రివేళ పడవలో ప్రయాణిస్తూ, దోమలకు, కప్పల అరుపులకు నిద్ర లేకపోయిందని వాపోయాడు. సీజరు ఈ నీటిని తోడించాలని తలచాడు. పదునెనిమిదవ శతాబ్దంలో ఆరవ పయస్ పోపు కాలువలు త్రవ్వించాడు. నీరు పూర్తిగా లొంగలేదు. చలికాలంలో కొండల మీద నుండి పశువుల కాపరులు దిగివచ్చి గడ్డిగుడిసెలలో ఉండేవారు. ఎండలు ముదరకముందే వెళ్లిపోయేవారు. మిగిలినవారిని మలేరియా పట్టేది. ఆ పదమే ‘చెడు గాలి’ అనే ఇటాలియన్ మాట.

చెడు గాలి కాదు, దోమ అని తేల్చడంలో తెలుగునేలకు ఒక భాగమున్నది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. మరుసటి సంవత్సరం ఇటలీలో బత్తీస్తా గ్రాస్సీ, ఆ జాతి దోమలే మనుషులకు మలేరియా అంటిస్తాయని నిరూపించాడు. ఎవరు ముందు అనే వాదం ఇద్దరి మధ్య చివరివరకు తీరలేదు.

ముస్సోలినీ ప్రభుత్వ కాలంలో చిత్తడినేలల మీద పెద్ద ఎత్తున దండయాత్ర సాగింది. వేలాది కూలీలు కాలువలు త్రవ్వి, భారీ పంపులతో నీటిని సముద్రంలోకి తోడారు. 1932లో నేటి లాటీనా నగరం, 1934లో సబౌదియా వెలిశాయి. వెనెతో, ఫ్రియూలీ మొదలైన ఉత్తర ప్రాంతాల నుండి పేద కుటుంబాలను తెచ్చి భూములిచ్చారు. అడవిలో మిగిలిన భాగాన్ని, కొండను కలిపి 1934లోనే జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. ఆ అడవిలో నేటికీ అడవిపందులు తిరుగుతాయి. రెండవ ప్రపంచయుద్ధంలో జర్మన్ సైన్యం మైదానాన్ని మళ్లీ నీట ముంచింది. మలేరియా తిరిగి విజృంభించింది. యుద్ధానంతరం మరల బాగుచేశారు. కొన్ని పొలాలు సముద్రమట్టానికి దిగువన ఉన్నందున పంపులు నేటికీ పనిచేస్తూనే ఉండాలి.

కొండ పాదాన సాన్ ఫెలీచె చిర్చేయో గ్రామం దగ్గర గ్వత్తారీ గుహ ఉన్నది. 1939లో అక్కడ పనివారికి దొరికిన నియాండర్తల్ మానవుని పుర్రె చుట్టూ రాళ్లు వలయంగా ఉన్నాయని, అది నరమాంసభక్షణకు సంబంధించిన క్రతువని పండితులు కథ అల్లారు. అర్ధశతాబ్దం తరువాత పరిశోధకులు ఎముకలను మళ్లీ పరీక్షించి, ఆ గుహ హైనాల స్థావరమనీ, పుర్రెను పాడుచేసినవి వాటి పళ్లేననీ తేల్చారు. 2021లో మరి తొమ్మిదిమంది అవశేషాలు బయటపడినట్లు ప్రకటించారు. వాటిలో ఒకటి లక్ష సంవత్సరాలకు దగ్గర నాటిది. పురావస్తుశాస్త్రంలో సైతం, మరణించినవారి తరఫున కథ చెప్పేవారు మారితే కథ మారుతుంది.

మాట పోయినవారు

హోమరు తరువాత ఏడు శతాబ్దాలకు ఒవిడ్ కవి ఈ పందుల కథను మరొక విధంగా చెప్పించాడు. అతని రూపాంతరాల కావ్యంలో మాట్లాడేది పందిగా మారిన నావికులలో ఒకడు. ఒంటి మీద వెండ్రుకలు మొలవడం, మాట్లాడబోతే గుర్రుమనే చప్పుడే రావడం, చేతులు కాళ్లయిపోవడం అతడు జ్ఞాపకం తెచ్చుకొంటాడు. మనిషి లోపల ఉండి, బయట మాట లేకపోవడం ఎలాంటిదో చెప్పిన సాక్షి అతడు.

ఆ సాక్ష్యాన్ని ఈ కొండ నీడలో విన్న భారతీయ యాత్రికునికి పొలాలు వేరుగా కనిపిస్తాయి. లాటీనా జిల్లా కూరగాయల తోటలలో, కివీ పండ్ల తోటలలో, ప్లాస్టిక్ కప్పిన పాకలలో వంగి పనిచేసేవారిలో అనేకులు పంజాబు నుండి వచ్చిన సిక్కులు. 1980 దశకం నుండి వారి రాక మొదలైంది. నేడు వేల సంఖ్యలో ఉన్నారు. తలపాగాలతో సైకిళ్ల మీద తెల్లవారుజామున పనికి పోవడం ఇక్కడ నిత్యదృశ్యం. వారికోసం గురుద్వారాలు వెలిశాయి. ఒకప్పుడు కొండల కాపరులు, తరువాత వెనెతో రైతులు, ఇప్పుడు పంజాబీలు. ఈ నేల ఎప్పుడూ ఎక్కడినుండో వచ్చినవారి చేతులతోనే బ్రతికింది.

చేతులకు పని ఉన్నది. మాటకు చోటు లేదు. భాష రాక, కాగితాలు లేక, దళారుల చేతిలో చిక్కి, చట్టం చెప్పిన కూలిలో కొంత భాగానికే ఎందరో పనిచేశారు. 2016 ఏప్రిల్‌లో ఆ కూలీలు లాటీనా నగరంలో సమ్మెకు దిగి తమ గొంతు వినిపించారు. అదే సంవత్సరం చివర ఇటలీ ప్రభుత్వం దళారీ కూలీ వ్యవస్థపై కఠినమైన చట్టం చేసింది. అయినా 2024 జూన్‌లో లాటీనా సమీపాన ఒక భారతీయ కూలీ యంత్రంలో చెయ్యి తెగి, సకాలంలో వైద్యం అందక మరణించాడు. దేశమంతటా ఆగ్రహం చెలరేగింది. పంజాబీ శ్రామికులు పెద్దసంఖ్యలో వీధులలోకి వచ్చారు. ఒక మనిషి మరణించిన తరువాత గాని వారి మాట ఆ దేశపు చెవికి స్పష్టంగా సోకలేదు.

కొండ శిఖరానికి బాట తోర్రె పావోలా అనే పాత కావలి బురుజు దగ్గర మొదలవుతుంది. రాళ్ల మధ్య నిటారుగా సాగే ఆ బాట మీద చెవులలో మాట వింటూ నడవడం క్షేమం కాదు. ఇయర్‌ఫోన్లు తీసి జేబులో వేసుకోవలసిందే. పైకి చేరితే ఒకవైపు సముద్రం, అందులో పోంజా, జన్నోనె ద్వీపాలు. మరొకవైపు కాలువల గీతలతో మైదానం, పాకల మీద మెరిసే ప్లాస్టిక్ కప్పులు. ఒడీసియస్ ఇటువంటి ఎత్తు నుండి పొగను చూసి, అక్కడ మనుషులు ఉన్నారని గ్రహించాడు. వారు ఎవరో తెలుసుకోవడానికి దిగి వెళ్లవలసి వచ్చింది. నేటి యాత్రికునికీ దారి అదే. శిఖరం మీద గాలి చప్పుడు తప్ప మరేమీ వినిపించదు. మాటలు కింద, పొలాలలో ఉన్నాయి; సాయంకాలం పని ముగిసి సైకిళ్లు రోడ్డెక్కే వేళ, వాటిని పంజాబీలోనే వినవచ్చు.